పట్నం తొక్కిన కొడుకు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా నాయనమ్మ సాయమ్మకు రెండూ కలిసిరాలేదు. నోరేమో ఉన్ని కత్తెర, ఊరేమో దొర చెప్పుకింద. సూర్యాపేట నుంచి కోదాడకు పోయే బెజవాడ సడక్కు మైలు లోపల మా ఊరు. మాది కురుమ ఇల్లు. గొర్లు కాయడం, ఉన్ని తీయడం, గొంగళ్ళు నేయడం తప్ప వేరే విద్య లేదు. తాత బీరయ్య మాట్లాడేది తక్కువ, ఆయన వంతు కూడా నాయనమ్మే మాట్లాడేది. వాన రాకపోతే మబ్బును తిట్టేది, పులుసులో ఉప్పెక్కువైతే ఉప్పును తిట్టేది. తప్పు తనదన్న మాట మాత్రం ఆమె నోట వచ్చేది కాదు. ఒక్క సంగతిలో తప్ప.

ఆ ఒక్క సంగతే చెబుతాను. ఏటా సెప్టెంబరు రాగానే పేటలో మైకులు కడతారు. నిజాం మీదికి యూనియన్ సైన్యం వచ్చిన రోజును ఒకాయన విమోచనమంటాడు, ఇంకొకాయన విలీనమంటాడు, మూడో ఆయన ద్రోహమంటాడు. ముగ్గురూ తిని వచ్చి మాట్లాడేవాళ్ళే. ఆ రోజుకు ఏ పేరు పెట్టాలమ్మా అని మా నాయనమ్మను అడిగినవాడు ఒక్కడు లేడు. అడిగితే ఏమనేదో నాకూ తెలియదు, తిట్టి పంపేదేమో. కానీ అడగనందుకు మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

మా నాయన మల్సూరు ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. దొర గడీకి వెట్టిగొర్రెలు తోలనని ఎదురు తిరిగి సంఘంలో చేరాడు. సంఘాన్ని అణచడానికి దొర రజాకార్లను పిలిపించుకొని గడీలోనే దించాడు. వాళ్ళకు కోళ్ళు కోయించి దగ్గరుండి వడ్డించిందీ, ఎవరిల్లు ఎక్కడో చూపించిందీ మా ఊరి పోలీసు పటేలు. ఇక మా తాలూకా అంతా రెండుగా చీలింది. ఇటు గుతుప కర్రలు, వడిసెల రాళ్ళు, అటు తుపాకులు. ఏ ఊరి చావు చూసినా మనవాడే. నాయన దళంతో కలిసి గుట్టలు పట్టాడు.

రజాకార్లు ఆయన కోసం ఇంటికొచ్చారు. కొడుకు దొరకలేదని తండ్రిని పట్టుకున్నారు. తుపాకి మడమతో తాత మోకాలు చితగ్గొట్టి, దొడ్లో ఉన్న మందనంతా తోలుకుపోయారు. మా అమ్మ సైదమ్మకు అంతకుముందే రెండు కాన్పులు పోయాయి. ఆ పూట గరిసె చాటున నక్కి ప్రాణం దక్కించుకుంది. వాళ్ళు పోయాక నాయనమ్మ బీరప్ప ముందు కూలబడి, దేవుడికి పెట్టే పసుపు బండారి పిడికెడు తీసి నొసటికి రాసుకుంది.

"అయ్యా బీరప్పా, యాన్నుంచన్న, ఎవలనన్న తోలు. ఈ పీడ ఇరగడైతే ఇంట్ల పట్నం ఏపిస్త. నా కొడుకుతోని తొక్కిపిస్త" అని మొక్కింది.

పట్నం అంటే నేలమీద వేసే పెద్ద ముగ్గు. ఒగ్గు కథ చెప్పేవాళ్ళు డోళ్ళతో వచ్చి పసుపు, కుంకుమ, పచ్చాకు పొడి, తెల్లపిండితో దాన్ని పరుస్తారు. బీరప్ప కథ ముగిశాక మొక్కిన ఇంటి కొడుకు దాన్ని తొక్కి చెరపాలి. మా ఇంటి ఆనవాయితీ అది. కొడుకుండి తొక్కకపోతే మొక్కు మిగిలిపోయినట్టే. మిగిలిన మొక్కును బీరప్ప కడుపులో బిడ్డల మీద తీర్చుకుంటాడని మావాళ్ళ భయం.

భాద్రపదంలో సైన్యం వచ్చింది. కోదాడ దిక్కునుంచి లారీలు, జీపులు, నేల అదిరే ఇనుప బండ్లు. రజాకార్లు టోపీలు విసిరేసి చేన్ల వెంబడి పారిపోయారు. నాయనమ్మ చల్లకుండ ఎత్తుకొని సడక్కు పరుగెత్తింది. ఒక ఆఫీసరు బండి ఆపించి, ముంతెడు చల్ల గడగడా తాగి, "మాయీ, అబ్ డరో మత్" అన్నాడు. ఏ దేశంవాడో ఆమెకు తెలియదు. తెల్లటి మనిషి, చిన్న మీసం, కళ్ళల్లో నవ్వు. కొడుకు గుట్టల్లో ఉన్నాడని చేతులు తిప్పి చెప్పింది. పక్కనున్న బెజవాడ డ్రైవరు అది విడమరిచి చెప్పి, ఆయన జవాబును ఈమెకు చెప్పాడు: "ఇంకేం భయం లేదు, మీ అబ్బాయిని ఇంటికి వచ్చేయమను అంటున్నారమ్మా." నాయనమ్మ సడక్కు అడ్డంగా కూర్చొని ఏడ్చింది. బీరప్ప తోలిన మనిషే అనుకుంది. అనుకోక ఏం చేస్తుంది?

మొదటి ముల్లు ఆ వారంలోనే గుచ్చుకుంది. మా వాడలో దూదేకుల ముసలాయన ఒకడుండేవాడు. జన్మలో విల్లుతాడు తప్ప ఇంకో ఆయుధం పట్టినవాడు కాదు. రజాకార్ల మీది కోపాన్ని జనం, ఈయనా ముస్లిమేనని, ఆయన ఇంటిమీద తీర్చుకున్నారు. గింజలు, బట్టలు, ఆఖరికి దూదేకే విల్లు కూడా ఎత్తుకుపోయారు. ఎత్తుకుపోయినవాళ్ళలో నిన్నటిదాకా ఆయనతో తంబాకు పంచుకున్నవాళ్ళున్నారు. సిపాయిలు సడక్ మీద నిలబడి చూశారు. నాయనమ్మ వాళ్ళ దగ్గరకు పోయి అరిచింది. వాళ్ళకు తెలుగు రాదు, ఎందుకో ముసలమ్మ సంబరపడుతున్నదనుకొని నవ్వారు. ముసలాయన పెళ్ళాంపిల్లలతో ఎటు పోయాడో మళ్ళీ కనపడలేదు.

రెండో ముల్లు దీపావళికి. ఊరు విడిచి నగరానికి పారిపోయిన దొర తిరిగొచ్చాడు, అదీ సైన్యం జీపులో. ఇప్పుడు నెత్తిన ఖద్దరు తెల్లటోపీ పెట్టుకున్నాడు. రజాకార్లకు కోళ్ళు కోయించిన పటేలే ఇప్పుడు ఆఫీసర్లకు కోళ్ళు కోయిస్తున్నాడు. ఆయనకు ఉర్దూ వచ్చు. ఆఫీసర్లకు ఊరు తెలియదు, తెలుగు తెలియదు. కాబట్టి ఆయన చూపిందే ఊరు, ఆయన చెప్పిందే తెలుగు. సంఘంవాళ్ళు పంచిన భూములు మళ్ళీ దొర చేతికి పోయాయి. అడ్డం వచ్చినవాళ్ళు క్యాంపుకు పోయారు, గుట్టల్లో ఉన్న దళాల కోసం సిపాయిలు వెతుకుతున్నారు.

కార్తీకంలో నాయనమ్మ గుట్టమీద నాయనను కలిసింది. రజాకార్లనుంచి తిరిగి దొరికిన నాలుగు గొర్రెలను మేపే వంక పెట్టుకొని, పొద్దు నడినెత్తికి వచ్చాక పోయింది. గొంగట్లో జొన్నరొట్టె, ఉల్లిగడ్డ. నాయన సగం చిక్కిపోయి ఉన్నాడట. రొట్టె విరుచుకుంటూనే ఇద్దరూ తగువు పెట్టుకున్నారు. ఆ తగువును ఆమె నాకు ఎన్నిసార్లు చెప్పిందో. చెప్పినప్పుడల్లా రెండు గొంతులూ తనే పలికేది.

"ఇగ ఇంటికి రారాదుర. రజాకార్లు పోయిరి. తుపాకి ఎవనిమీదర నీకు?"

"రజాకార్లు పోయిండ్రు, మంచిగైంది అవ్వా. దొర అచ్చిండు గద."

"వాళ్ళు రాకపోతే మనం సస్తుంటిమి. ఇల్లు కాలంగ నీళ్ళు తెచ్చినోన్ని నీదేవూరని అడుగుతమార?"

"అడగం. మంట ఆరినంక మా ఇంట్ల ఎందుకు కూసున్నవని అడుగుతం."

"ఆ ఆఫీసరు మంచోడు బిడ్డా. నా సల్ల తాగిండు. నన్ను మాయీ అన్నడు."

"మంచోడే కావచ్చవ్వా. గని వానికి మన ఊరు ఏం ఎరుక? పటేలు కండ్లతోనే సూస్తడు, పటేలు సెవులతోనే ఇంటడు. మంచోని సేతుల తుపాకి, సెడ్డోని సేతుల మంచోడు. గట్లున్నది కత."

నాయనమ్మ మాట మార్చింది. సైదమ్మకు నెల తప్పి చాలా కాలమైందని, ఈ కాన్పన్నా నిలవాలని, మొక్కు మిగిలిపోయిందని, బీరప్ప ఊరుకోడని చెప్పింది. నాయన నవ్వాడట. సంఘంలో చేరినప్పటినుంచి ఆయన దేవుళ్ళను పెద్దగా నమ్మేవాడు కాదు. నవ్వి, "నీకోసం కాదవ్వా, సైదమ్మ నిద్రబోతదని అస్త. తొక్కి వెంటనే పోత" అన్నాడు.

ఉపాయం కూడా ఆయనే చెప్పాడు. ఒగ్గు చంద్రయ్య మేళంలో డోలు కొట్టేవాళ్ళు మొహం నిండా బండారి పూసుకొని ఉంటారు. వాళ్ళలో కలిసి వస్తే ఎవరూ గుర్తుపట్టరు. కథ ముగిసే వేళకు జనం పొంగిపోయి ఊగుతుంటారు, ఆ సందట్లో తొక్కేసి జారుకోవచ్చు. నాయన చిన్నప్పటినుంచి డోలు బాగా కొట్టేవాడు. పక్క తండాలో మేకలు కాసే మంగ్త్యా ఆ కబురు చంద్రయ్యకు చేరవేశాడు.

వాళ్ళు మరిచిపోయిందల్లా ఒక్కటే. పటేలు మా ఊళ్ళోనే పుట్టి పెరిగినవాడు. కురుమ సాయమ్మ ఇంట్లో పట్నం వేస్తున్నారని చాటింపు వినగానే ఆయనకు లెక్క తెలిసిపోయింది. కొడుకు తొక్కనిది ఆ ఇంట్లో పట్నం జరగదు. బయటినుంచి వచ్చిన సైన్యానికి వెయ్యి తుపాకులున్నా ఈ సంగతి తెలిసే అవకాశం లేదు. పక్కన పటేలుంటే తుపాకి కూడా అక్కర్లేదు.

ఆదివారం పొద్దున వాకిట్లో పందిరి వేశారు. ఊరంతా వచ్చింది. చంద్రయ్య పట్నం పరిచి కథ ఎత్తుకున్నాడు. డోళ్ళు మోగుతున్నాయి. మేళంలో మూడోవాడు తన కొడుకని నాయనమ్మకు, అమ్మకు, తాతకు మాత్రమే తెలుసు. అమ్మ గోడవారన కూర్చొని ఆ వైపు చూడకుండా చూస్తున్నది. చేతుల నిండా ఆకుపచ్చ గాజులు, కాళ్ళకు పసుపు.

కథ సగంలో ఉండగా జీపు వచ్చింది. పటేలు దిగాడు. వెనకాలే ఆ చల్ల తాగిన ఆఫీసరు, కొందరు సిపాయిలు. ఆఫీసరు నాయనమ్మను గుర్తుపట్టి, "మాయీ" అని చేతులు జోడించాడు. పందిట్లోకి వచ్చేముందు ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పాడు. మంచి మనిషి, ఆ మాట నాయనమ్మ చచ్చేదాకా అన్నది. తాత కూర్చునే నులకమంచం మీద కూర్చొని, కథ ఒక్క ముక్క అర్థం కాకపోయినా శ్రద్ధగా విన్నాడు. సిపాయిలు పందిరి చుట్టూ నిలబడ్డారు. అప్పుడు నాయనమ్మకు అర్థమైంది.

కథ ముగిసింది. చంద్రయ్య ఆనవాయితీ తప్పలేక పిలిచాడు. "మొక్కిన ఇంటి కొడుకు రావాలె."

డోళ్ళు ఆగలేదు. నాయనమ్మ లేచి పట్నం ముందు నిలబడింది.

"కొడుకు లేడు. నా కొడుకును రజాకార్లు సంపిండ్రు. ఇంటాయన తొక్కుతడు" అన్నది.

బతికున్న కొడుకును దేవుడి ముందు చంపింది. ఎవరూ కాదనలేదు, మా ఊరివాళ్ళకు ఆ మాత్రం మంచితనం ఉంది. తాత కర్ర పట్టుకొని లేవబోయాడు. పటేలు నవ్వి, ఆఫీసరు చెవిలో ఏదో చెప్పి, నాయనమ్మ వైపు తిరిగాడు.

"సాయమ్మా, కొడుకు సస్తే మరి కోడలు సేతినిండ గాజులేసుకొని కూసుందేందే? మీ కులంల కొత్త రివాజా?"

అందరూ అమ్మ వైపు చూశారు. నాయనమ్మ ఒక్క క్షణం కూడా తడబడలేదట. ఆ క్షణం ఆలోచించి ఉంటే ఆమె చేయి ఆడేది కాదు. రోలు పక్కనున్న పొత్రం తీసుకొని గోడ దగ్గరికి పోయింది. "పిల్ల కడుపుతోని ఉన్నదని దాసినం పటేలా. ఇగ దాసుడెందుకు" అన్నది. అమ్మ రెండు చేతులూ నేలకు ఆనించి చాపింది. నాయన బతకాలంటే తాను ముండమోయాలి. అత్తాకోడళ్ళిద్దరికీ ఆ లెక్క ఒక్కసారే అర్థమైంది, ఒకరికొకరు చెప్పుకోలేదు. నాయనమ్మ పొత్రంతో కుడిచేతి గాజులు పగలగొట్టింది. ముక్క గుచ్చుకొని అమ్మ మణికట్టు నుంచి నెత్తురు కారింది.

ఎడమచేతి మీదికి పొత్రం లేచింది. డోలొకటి ఆగిపోయింది.

మిగిలినవాళ్ళు గట్టిగా కొట్టి ఆ లోటు కప్పాలని చూశారు. లాభం లేకపోయింది. మా నాయన డోలు మెడలోంచి తీసి కింద పెట్టాడు. నడుచుకుంటూ వచ్చి పట్నం మీద కాలు పెట్టాడు. తొందర పడలేదు. ఒక మూలనుంచి ఇంకో మూలకు, పసుపూ కుంకుమా కలిసిపోయేలా, ఎట్లా తొక్కాలో అట్లాగే తొక్కాడు. తొక్కి, అమ్మ దగ్గరకు వచ్చి ఆ నెత్తురు చేతిని పట్టుకొని, "అవ్వా, ఇగ సాలు. మొక్కు తీరింది, దీన్ని ఏడిపియ్యకు" అన్నాడు.

పెద్దవాళ్ళు చెప్పగా విన్న మా నాయన మాటల్లో నాకు దక్కిన ఆఖరి మాట అది. అప్పుడు నేను మా అమ్మ కడుపులో ఉన్నాను.

ఆఫీసరు బూట్లు తొడుక్కుంటూ, పటేలు చేత చెప్పించాడు: భయం లేదు, నాలుగు మాటలు అడిగి పంపిస్తాం. ఆయన ఆ మాట నమ్మే చెప్పాడని నాయనమ్మ అనేది. నమ్మి చెప్పాడో, ఊరికే చెప్పాడో, నాకైతే తేడా కనపడదు. నాయనను సూర్యాపేట క్యాంపుకు తీసుకుపోయారు. ఆ ఆఫీసరును కొద్దిరోజులకే ఇంకెక్కడికో బదిలీ చేశారట. ఆయన ఇచ్చిన మాట ఆయనతోనే పోయింది.

నాయనమ్మ పేటలో క్యాంపు ముందు చెట్టుకింద పడి ఉంది. ఒకరు కోదాడ పంపించామన్నారు. కోదాడ పోతే ఇక్కడికి రాలేదన్నారు. ఇంకొకరు మిర్యాలగూడెం అన్నారు. ఈలోగా మంగ్త్యా వచ్చి, తలకాయ వంచుకొని అసలు సంగతి చెప్పాడు. మిర్యాలగూడెం తోవలో లారీ ఆపి ముగ్గురిని దింపారు. పరుగెత్తమన్నారు. మంగ్త్యా మేకలతో మోదుగు పొదల వెనక ఉన్నాడు. మల్సూరన్న పరుగెత్తలేదని, నిలబడే ఉన్నాడని చెప్పాడు. పీనుగులను మళ్ళీ లారీలోనే వేసుకుపోయారట.

సైన్యం రావాలని మొక్కడమా, కొడుకును పిలవడమా, గాజుల మీద పొత్రం ఎత్తడమా, ఏది తన తప్పో నాయనమ్మ ఎప్పుడూ తేల్చుకోలేదు. తప్పు చేసిన, తప్పు చేసిన అని మాత్రం నిద్రలో కూడా అనేది. నన్నడిగితే, కొట్టేవాడు ఇంట్లోనే ఉన్నప్పుడు బయటివాణ్ణి కేకెయ్యడం తప్పు కాదు. వచ్చినవాడు తలుపు దగ్గర ఎవరి వేలు పట్టుకొని లోపలికి నడుస్తాడో, అక్కడుంది తప్పు. కానీ ఈ మాట ఆమెతో అంటే "నువ్వు పెద్ద సెప్పొచ్చినవ్, పొయ్యికాడ పని సూడు" అనేది.

కొడుకు శవమైనా ఇస్తే కురుమ పద్ధతిలో గొంగడి కప్పి మట్టి చేసుకుంటానని ఆమె మిర్యాలగూడెం నడిచిపోయింది. క్యాంపులో కొత్త ఆఫీసరు. వయసు మళ్ళినవాడు, మెత్తని మాట. ఆయన పక్కన కుర్చీలో మా పటేలు. ఆ వారం దొర పనిమీద వచ్చి, క్యాంపులో దుబాసి పని కూడా చేసిపెడుతున్నాడు. ఆమెను చూసి ఒక్క క్షణం కళ్ళు దించుకున్నాడు. ఆ ఒక్క క్షణమే.

"నా కొడుకు పీనుగ ఇప్పియ్యి పటేలా, నీ బాంచెను" అన్నది నాయనమ్మ.

"ఏ కొడుకే సాయమ్మా? రజాకార్లు సంపిండ్రని, పట్నం ముంగట నిలబడి, దేవుడు సూడంగ, ఊరు సూడంగ నువ్వే జెప్తివి గద. ఇప్పుడు ఇంకో కొడుకు యాన్నుంచి అచ్చిండు?"

ఆమె నేలమీద పడి ఆయన కాళ్ళు పట్టుకుంది. "అవద్దమాడిన. వాడు బతకాలెనని ఆడిన. నీకెరుకే గద పటేలా, నీ ముంగటనే గద పట్నం తొక్కిండు. జర నిజం జెప్పు సాబుకు."

ఏమంటున్నదని ఆఫీసరు ఉర్దూలో అడిగాడు. పటేలు ఉర్దూలోనే చెప్పాడు. కొడుకును రజాకార్లు చంపారని చెప్పుకొని ఏడుస్తున్నది సాబ్, పాపం, అప్పటినుంచి మతి సరిగా లేదు, క్యాంపుల చుట్టూ తిరుగుతుంటుంది.

నిజాం రాజ్యంలో పుట్టి పెరిగిన మనిషి, ఆ మాత్రం ఉర్దూ నాయనమ్మకు అర్థమవుతుంది. పలకడానికే నోరు తిరగదు. ఊరందరినీ తిట్టిపోసిన ఆ నోటికి అప్పుడు రెండే మాటలు దొరికాయి. "నై సాబ్. నై సాబ్" అని తల అడ్డంగా ఊపుతూనే ఉంది. కొడుకు పోయాడంటే ఈ తల్లి ఇంకా నమ్మలేకపోతున్నదనుకొని ఆఫీసరు లేచి, టోపీ తీసి, ఆమె ముందు తల వంచి నిలబడ్డాడు.